అర మార్కు

మీ ఉత్తరం అందింది, మిసెస్ రాబ్సన్.
మందపాటి కాగితం, చేత్తో పెట్టిన సంతకం.
"ఈ ఘటన నుంచి మేం పాఠాలు నేర్చుకున్నాం" అన్నారు.

పాఠమంటే నాకు గుర్తొచ్చింది
ఏడో తరగతి, జీర్ణవ్యవస్థ బొమ్మ.
జీర్ణాశయం వెనక అడ్డంగా పడుకున్న ఆకులాంటిదానికి
పసుపు రంగు వేశాను, పేరు రాయడం మరిచాను.
సుగుణమ్మ టీచరు ఎర్ర సిరాతో గీత లాగి
"క్లోమం" అని రాసి
అర మార్కు కోసింది.

తర్వాత ముప్పై ఏడేళ్లు ఆ మాటతో నాకు పనే పడలేదు.
మా భాషలో గుండె చెరువవుతుంది,
కడుపు తరుక్కుపోతుంది, పేగు తీపి అంటాం.
క్లోమానికి ఒక్క సామెతైనా లేదు.

నొప్పి వీపులోకి పొడుచుకొస్తోందన్నాడు విద్యాధర్.
ఫ్యాక్టరీలో బరువులెత్తుతావా అని అడిగారు.
మార్చిలో అజీర్తి. మేలో అజీర్తి.
జూన్‌లో కొత్తగా షుగరొస్తే చిరుతిళ్లు తగ్గించమన్నారు,
అన్నమే సయించని మనిషిని.
ఆగస్టులో సుత్తీ మేకూ తీసుకుని
అతని బెల్టుకి నాలుగో బెజ్జం కొట్టాను.
తూకాలు మీ కంప్యూటర్లో ఉన్నాయి.
బెల్టు నా బీరువాలో ఉంది.

అక్టోబరులో, రోకర్ సముద్రం ఎదుట బల్ల మీద,
సండర్లాండ్‌కి ఎప్పుడోగాని రాని ఎండలో
అతని కళ్లు చూశాను.
అచ్చం నేను బొమ్మకి వేసిన రంగు.

రికార్డులు తెప్పించుకున్నాను. రెండువందల పన్నెండు పేజీలు.
నూట నలభై మూడో పేజీ, మే నెల స్కాన్, అడుగున సన్నక్షరాల్లో:
"గ్యాస్ అడ్డు రావడం వల్ల క్లోమం కనిపించలేదు."
పైన ఎవరో నార్మల్ అని టిక్కు పెట్టారు.

ముందే పట్టుకున్నా బతికేవాడని చెప్పలేమన్నారు.
కావచ్చు. నేనూ చెప్పలేను.
కానీ ఆ ఐదు నెలలూ అతను
తన తిండిని తిట్టుకున్నాడు, నా తాలింపుని అనుమానించాడు.
ఇంట్లో ఎండుమిరపకాయ మానేశాను.
ఒక్క గరిటె ఉలవచారు అడిగితే
మీ మందుల చీటీ చూపించి
వద్దన్నాను, మిసెస్ రాబ్సన్.

మీరు నేర్చుకున్న పాఠమేదో ఉత్తరంలో లేదు.
అందుకని ఆ పేజీ జిరాక్సు పంపుతున్నాను.
ఆ వాక్యం కింద ఎర్ర సిరాతో గీత లాగి
పక్కన ఖాళీలో పేరు రాశాను,
తెలుగులోనే.
ఎవరినైనా అడిగి చదివించుకోండి.