లబ్ధిదారుని పేరు

పట్టపగలు జీడితోటలోంచి నక్క నడిచొచ్చింది.
మనిషిని చూసి తప్పుకోలేదు.
అక్కడే తప్పింది మొదటి లెక్క.

కర్ని పున్నమ్మ ఆవు మూతి మీద
మినపగింజలంత గాట్లు రెండు.
పసుపు రాసి ఊరుకుంది.
ముప్పై నాలుగో రోజున ఆవు అరుపు మారింది,
కుడితి తొట్టి ముందు నిలబడి
తాగడం మరిచిపోయినట్టు చూసింది.
గొంతులో టెంకేదో ఇరుక్కుందనుకుని
చెయ్యి పెట్టి వెతికినవాళ్లు ముగ్గురు.

మందస పశువుల ఆసుపత్రిలో అటెండర్ని నేను.
వైద్యం తెలీదు, రిజిస్టర్ తెలుసు.
ఆ రాత్రి రాసుకున్నాను:
ఆవు, నలభై ఐదు వేలు.
దూడ, పాలు తాగింది కాబట్టి విలువ కట్టలేదు.
సూదులు ఉచితం.
ఉచితమంటే పలాసకి రానూపోనూ బస్సు,
సీరం లేదంటే అక్కణ్ణుంచి శ్రీకాకుళం,
బట్టీలో పిక్కలు కొట్టని రోజుల కూలి,
చంటిదాన్ని చూసిన పొరుగావిడకి
తిరిగి తీర్చాల్సిన మాట.

పక్క పేజీలో ఇంకో లెక్క, డాక్టరమ్మ చెప్పింది:
ఎండుచేప పొడితో ఉండ, లోపల మందు.
ఇక్కడ దొరకదు, తెప్పించాలి.
తోటల్లో చల్లితే నక్క తింటుంది,
కుక్కా తింటుంది, పందీ తింటుంది, ఎండకి కొంత పోతుంది.
పదింటిలో ఏడు నక్కలు తింటే చాలట.
కొండకీ సముద్రానికీ మధ్య
ఆ పది ఎక్కడున్నాయో ఎవరు చూశారు?
ఎంత తప్పుగా వేసినా
రెండో పేజీ మొత్తం
మొదటి పేజీలో సగం దాటలేదు.

అడవి శాఖ అంది: నక్క మాదే, జబ్బు మాది కాదు.
మా శాఖకి ఆవు వరకే తెలుసు.
పెద్దాసుపత్రిలో మాత్రం మర్యాదగా చెప్పారు,
కరిచాక రమ్మని.

కాగితం తిరిగొచ్చింది, ఎర్ర సిరాతో:
"లబ్ధిదారుని పేరు, తండ్రి పేరు, రేషన్ కార్డు నంబరు
ఖాళీగా వదిలినారు."

పున్నమ్మకి చదివి వినిపించాను, నవ్వుతుందనుకుని.
నవ్వలేదు.
"నా పేరు రాసీ బాబూ.
అది తింతే నేను తిన్నట్టే కదేటి."

రాశాను. ఇంకా జవాబు రాలేదు.
రాత్రి తోటలో ఒకటి ఊళ పెడుతుంది,
లెక్కపెట్టబోతే ఇంకోటి అందుకుంటుంది,
ఎక్కడ ఆపాలో తెలీదు.

ఆవుని పాతిన గోతిలోకి
సున్నం రెండు బస్తాలు, నా జేబులోంచి.
రసీదు దాచాను.
ఏ పద్దులో వెయ్యాలో
ఎవరూ చెప్పలేదు.