నాలుగో గడి

ప్రొబేషన్ కాగితంల నాలుగో గడి
మూడు రోజులసంది ఖాళీగుంది.
"సదరు కానిస్టేబుల్ ఈ వృత్తికి తగునా?"
అవునంటే ఒక్క టిక్కు.
కాదంటే కారణాలు రాయాలె.

కారణాలు నా దగ్గర మస్తున్నయి.

మారపెల్లి ఐలేశ్, ఇరవై ఆరేండ్లు.
తండ్రి డ్యూటీల పోతే వచ్చిన కొలువు.
ఎంజీఎం డాక్టరు కాగితం మీద ఆటిజం అని రాసుంది;
మా ఠాణాల దాన్ని 'అదో టైపు' అంటరు.

సైరన్ మోగితే చెవులు మూస్కుంటడు.
మేడారం బందోబస్తుల తాడు ఇడిసిపెట్టి
వ్యాన్ ఎనుక కూసున్నడు, మోకాళ్ళ నడుమ తల.
ఆ తాడు పట్టుకున్నది నేను,
అరచేతులు కోసుకపోయినయి.
సీఐ సారు "ఏమయ్యా, బాగున్నవా" అంటే
"లేను సార్, నిన్నటిసంది కడుపు నొస్తుంది" అని
పూర్తిగ చెప్తడు, ఎన్నిమార్లు పోయిండో లెక్కతో సహా.
మిర్చి సీజన్ల ఎనుమాముల మార్కెట్‌కు తోలితే
ఘాటుకు కాదు, హమాలీల కేకలకు ఏడ్సిండు.

అద్భుతాలేం చెయ్యలే, అది గూడ రాయాలె.
బండి నంబర్లన్నీ యాదుంటయేమో అని పరీక్ష పెట్టినం,
మా లెక్కనే మర్చిపోతడు.
దొంగను ఇట్టె పసిగట్టిన కథ
నన్నడిగితే నా దగ్గర లేదు.

ఉన్నది ఒక్క రాత్రి.

కాజీపేట, డీజిల్ కాలనీ తొవ్వ. చలి.
ఒక పోరగాడు, పదిహేడో పద్దెనిమిదో,
గోడ పక్కన ముందుకూ ఎనక్కూ ఊగుతున్నడు.
"పేరేందిరా?" అంటే
"పేరేందిరా" అన్నడు మల్ల నాకే.
కండ్లల్ల చూడడు.
ముప్పై ఏండ్ల సర్వీసు నేర్పిన ఒక్కటే పాఠం:
కండ్లల్ల చూడనోడు ఏదో దాస్తుండు.
చెయ్యి దానంతట అదే లేసింది.

ఐలేశ్ అరవలే.
ముందు తన టార్చి ఆర్పిండు,
తర్వాత నా టార్చి మీద తన టోపీ కప్పిండు.
"ఎలుగు గుచ్చుకుంటది సార్ వానికి.
నేను గూడ మీ కండ్లల్ల ఎన్నడు చూడలే.
నేనేం దాస్తున్న?"

రెండేండ్లు ఒక్క బెంచీ మీద కూసున్నం.
వాడు ఎప్పుడూ నా చొక్కా రెండో గుండీతోనే
మాట్లాడుతడని
నాకు ఆ చీకట్ల తెలిసింది.

తెల్లారి పోరగాని తల్లి వచ్చింది సోమిడి నుంచి,
చెప్పులు లేకుంట.
దండం పెట్టింది, నాకే.

అంతటితోని అయిపోయేది.
కని డైరీ ఆ రాత్రి ఐలేశ్‌ది.
గుండ్రటి అచ్చరాలు, ఒక్క కొట్టివేత లేదు:
"రాత్రి 2.10. హెడ్ కానిస్టేబుల్ బోళ్ళ రాజలింగం గారు
అనుమానితుని ఎడమ చెంప మీద ఒకసారి కొట్టినారు.
కారణం తెలియదు."

చింపుమన్న.
"పేజీలకు నంబర్లున్నయి సార్" అన్నడు.
బతిమాలిన. అది వానికి సమజ్ కాలే,
అయిందో ఏమో, మొకంల కనవడది.
నా ఇంక్రిమెంటు పోయింది.
బిడ్డ కాలేజి ఫీజు అప్పు తెచ్చి కట్టిన.
నెల రోజులు వానితోని మాట్లాడలే.
నెల రోజులూ నాలుగింటికి
నా చాయ్ గిలాస మీద మూత పెట్టి
టేబులు అదే మూలకు పెట్టిండు.

ఇప్పుడు ఈ గడి.
"కాదు అని కొట్టు, పీడ పోతది" అన్నడు ఎస్సై.
"ఏదన్న ఆఫీసుల కూసోవెడ్తరు, వానికీ నిమ్మలం."
నిజమే. సైరన్ లేనికాడ వాడు నిమ్మలంగనే ఉంటడు.
ఠాణా గూడ నిమ్మలంగ ఉంటది,
చెంప చప్పుడు డైరీలకు ఎక్కనంత నిమ్మలంగ.

"ఏం రాయాలెరా?" వాన్నే అడిగిన.
గోడ గడియారం దిక్కు చూస్తున్నడు.
"జరిగింది రాయండి సార్. ఐదింటికి తపాల పోతది.
ఇప్పుడు నాలుగు యాభై రెండు."

కాగితం ఎనక్కు తిప్పిన, గడిల పట్టది.
రాత్రి రెండు పది. చలి.
చెయ్యి నాది
అని మొదలువెట్టిన.