కొండ ఎనకపక్క

మందస రోడ్డులో పాసింజరు
రెండు నిమిషాలే ఆగుతుంది.
ముందు నా పెట్టె దిగింది, తరవాత నేను.
పెట్టెలో ఇత్తడి గుళ్ళు, సీలు వేసే ఉలి, చిన్న సుత్తి,
రసీదు పుస్తకం.
తూనికలూ కొలతల వాణ్ణి.
ఏడాదికోసారి ఊరి కాటాలన్నీ
నా ముందు తలవంచి నిలబడతాయి.

పగలంతా కోవా బట్టీల్లో తిరిగాను.
పాలు మరిగి మరిగి తమ బరువు తామే వదులుకునే చోట
నేను గ్రాముల లెక్క అడిగాను.
నీలాచలం దుకాణంలో తక్కెడ
ఈగ వాలినంత ఒరిగింది.
"ఈగేనండి" అన్నాడు.
నిజంగానే ఈగే.

రాత్రి లాడ్జి గది గోడ మీద
నాలుగేళ్ళ కిందటి క్యాలెండరు.
మంచుకొండల నడుమ ఒక పట్నం:
ఎర్ర పెంకుల ఇళ్ళు, ఏటి మీద చెక్క వంతెన,
కిటికీ కిటికీకీ పూలకుండీ,
వీధిలో ఒక్క మనిషి లేడు.
నెలల కాగితాలు ఎవరో చింపుకుపోయారు,
బొమ్మని మాత్రం ఉంచారు.
నీళ్ళబిందె తెచ్చిన కుర్రాడు తవుడు
నా చూపు పట్టుకుని అన్నాడు:
"అది మన మయేంద్రగిరే బావూ. ఎనకపక్క."
"నువ్వు చూశావా?"
"నానెక్కడ సూసాను? మా తాత సెప్పీవోడు."

మర్నాడు ఆదివారం. కార్తీకం చలి.
పెట్టె గదిలో ఉంచి బయల్దేరాను.
కుడిచెయ్యి తేలికై ఏం చెయ్యాలో తెలీక
జేబులో దూరింది.
జీడితోటలు దాటేదాకా ఆటో,
ఆపైన జీపు, ఆపైన కాళ్ళు.
దారి చూపే సవర బెన్నయ్య
వెనక్కి తిరగడు, మాటాడడు,
నా ఆయాసం వినబడకపోతే మాత్రం
ఆగుతాడు.

సగం కొండ మీద, ఒక బండ పక్క
వాళ్ళ అక్క చోళ్ళు అమ్ముతోంది
వెదురు బొంగుతో కొలిచి.
ముద్ర లేని కొలత.
చట్టం ప్రకారం నేను లాక్కోవాలి.
బొంగు నింపి, పైన గోపురం కట్టింది.
గోపురం జారి నా తువ్వాల్లో పడింది.
మళ్ళీ కట్టింది.
"ఇందులో ఎంత పడుతుంది?"
అడిగాను, ఉద్యోగపు గొంతుతో.
ఆమె బొంగులోకి ఓసారి తొంగిచూసి
"నిండా" అంది.

పైన రాతిగుడి. గాలి.
తూర్పున బారువ వైపు సముద్రం,
ఇస్త్రీ చేసిన పంచె అంచులా.
మందస చిటికెడు పొగ.
అప్పుడు తిరిగాను, ఎనకపక్కకి.

ఎర్ర పెంకులు లేవు. వంతెన లేదు.
కొండ, దాని వెనక కొండ,
నీలం పలచనై పలచనై ఒడిశాలోకి కొండ.
చూస్తూండగా లోయలోంచి తెల్లగా లేచింది.
మొదట ఆవలి కొండల మోకాళ్ళు పోయాయి,
తరవాత నడుములు,
తరవాత బెన్నయ్య,
చివరికి చాచిన నా చెయ్యి.
ఇంత తెలుపు, గ్రాము బరువు లేదు.
లోపలెక్కడో మేక మెడలో గంట కదిలింది.
ఎవరో దగ్గారు.
"అక్కడ ఊరుందా?"
"ఉంటాది" అంది మంచులోంచి బెన్నయ్య గొంతు.

రాత్రి తవుడు బిందె దించి నిలబడ్డాడు.
"సూసినావా బావూ, ఎనకపక్క?"
ముల్లు నడిమధ్య నిలిస్తే తప్ప
ముప్పై ఏళ్ళుగా ముద్ర కొట్టని వాణ్ణి.
నోట్లో మాట కాసేపు అటూ ఇటూ ఊగింది.
"చూశాను."
"మంచుందా?"
"మంచుంది."

వాడు గోడకేసి చూడనైనా లేదు.
ఖాళీబిందె మోగించుకుంటూ
మెట్లు దిగిపోతూ, కింద ఎవరితోనో:
"మా తాత అబద్దమాడ్డని సెప్నేదా!"