రెండు వేళ్ళ ఎడం

నలభై ఒక్క ఏళ్ళుగా
అకార్డియన్ తిత్తులు బాగుచేస్తున్నాను
కాస్తెల్‌ఫిదార్దోలో, మా సందు మలుపులో.
మడత మడతకీ మేకతోలు ముక్క అతికి
జిగురు ఆరేదాకా బొటనవేలితో అదిమిపట్టి.
గాలి ఎక్కడ జారిపోతోందో
చెంప ఆనించి చెప్పగలను.

అలాంటి నన్ను
అంకోనా ఆసుపత్రిలో ఫుల్వియో అనే కుర్రాడు అడిగాడు:
"ఎర్సీలియా గారూ, ఊపిరి బిగబట్టగలరా?
ఇరవై సెకన్లు."
నవ్వొచ్చింది.
తొమ్మిదికే వదిలేశాను.

డాక్టరమ్మ తెరమీద రెండు బొమ్మలు చూపించింది.
మొదటిదాంట్లో గుండె
ఎడమ పక్కటెముకల్ని ఒరుసుకుని ఉంది,
కిటికీకి ముక్కు ఆనించి వీధి చూసే ముసలిదానిలా.
రెండోదాంట్లో ఊపిరితిత్తి
నల్లగా ఉబ్బి మధ్యకొచ్చింది.
గుండె కిందికీ వెనక్కీ జరిగింది.
"ఎంత?" అన్నాను.
ఆమె రెండు వేళ్ళు జోడించి చూపింది.
"మీరు నిండా పీల్చి ఆపినంతసేపే
మా కిరణం. వదిలితే లేదు."

మా సందులోకి పాలవ్యాను వస్తే
మనుషులు గోడకి కరుచుకుపోతారు.
సందేమీ పెరగదు.
గుండెకీ అదే నేర్పాలన్నమాట:
వస్తోంది, కాస్త ఒదుగు,
పోనీ దాన్ని.

ఇంటికొచ్చి దుకాణంలో దీపం వేశాను.
బల్లమీద ఎర్ర అకార్డియన్,
పెళ్ళిళ్ళలో వాయించే పెసారో వాడిది.
తిత్తిని పరీక్షించే పద్ధతి నాకు ఒకటే తెలుసు.
మెట్లేవీ నొక్కకుండా పైభాగం పట్టుకుని
కింది సగాన్ని దాని బరువుకి వదిలేయడం.
గట్టి తిత్తి తొందరపడదు,
ఒక్కో మడతా బతిమాలించుకుని విచ్చుకుంటుంది.
ముప్ఫై లెక్కపెట్టేదాకా నిలిస్తేనే
డబ్బు పుచ్చుకుంటాను.

ఆ రాత్రి దానితోపాటు నేనూ.
అది వేలాడింది, నేను బిగబట్టాను.
పదకొండు. పద్నాలుగు.
పదిహేడు దగ్గర నా చిరుగు దొరికింది.
గొంతులో కాదు, వీపులో.
గాలి చాలక వీపు ఎత్తేస్తున్నాను,
దొంగతూకం వేసే కొట్టువాడిలా.
వీపు కదలకూడదు.
పక్కటెముకలే మడతలు విప్పుకోవాలి.

బల్లమీద చేతులు తలపైకి.
ఒంటిమీద సూదిమొనంత మూడు నీలిచుక్కలు.
కళ్ళద్దాల్లో ఒక పసుపు గీత, నా ఊపిరి.
ఒక ఆకుపచ్చ గడి, అది ఆగాల్సిన చోటు.
గోడంత తలుపు మూసుకుంటుంది.
ఎక్కడి నుంచో ఫుల్వియో గొంతు:
"పీల్చండి... ఇంకాస్త... ఆపండి."
గుండెలమీద కుంపటి,
కానీ వేడి లేదు.
సీసాలో ఇరుక్కున్న కందిరీగలా
మోత, అంతే.

ఏడోరోజు ఫుల్వియోకి జలుబు.
"ఆపండి" సగంలో ఉండగా
మైకులో తుమ్మాడు.
నాకు నవ్వు ఆగలేదు.
గీత గడి దాటింది.
ఆ క్షణమే మోత ఆగిపోయింది.
నేను చెదిరానని తెలిసి
తనంతట తాను ఆగే దాన్ని
అరవై మూడేళ్ళలో మొదటిసారి చూశాను.
మా దారియోకి ఆ విద్య తెలిసుంటే
పెళ్ళినాటి పళ్ళేలు
ఇంకా నాలుగైదు మిగిలుండేవి.

"క్షమించండి," అన్నాడు ఫుల్వియో ముక్కు తుడుచుకుంటూ.
"మళ్ళీ మొదట్నుంచి."
మళ్ళీ పీల్చాను.
ఎడమవైపు లోపలెక్కడో
అది గోడకి కరుచుకుని నిలబడింది,
చీరుకుపోయిన మోకాళ్ళతో,
బుద్ధిగా.

పదిహేనో రోజు సాయంత్రం
పెసారో వాడు పెట్టె కోసం వచ్చాడు.
తోలు మూలలు తడిమాడు, వాసన చూశాడు.
"ఎంతసేపు నిలుస్తోంది?" అన్నాడు.
నేనింకా పొద్దుటి బల్లమీదే ఉన్నానేమో,
"ఇరవై ఆరు," అన్నాను.
"ఇరవై ఆరేనా?" మొహం చిట్లించాడు.

"నాకు చాలు," అన్నాను.