నూటెనభై

బొటనేలు ఎట్టమంది ఏఎన్ఎం గుంట.
ఎట్టినాను.
ఆ పలక నన్ను కాదంది.
కొంగుతో తుడిసి ఎట్టినాను, మళ్లీ కాదంది.
పలాసలో ఇరవయ్యేళ్లు జీడిపిక్కలు కొట్టిన సెయ్యి,
గీతల్ని పిక్కనూనె ఎప్పుడో తినేసినాది.
రేషను కాడా ఇదే గొడవ.

"పోనీలే దమయంతి పిన్నీ, జబ్బ ఇలాగియ్యి"
అని పట్టీ సుట్టినాది హేమసుందరి.
అది బుసకొట్టి, బిగిసి,
నెమ్మదిగా ఊపిరి ఒగ్గీసి
నా నెత్తురు నాదేనని ఒప్పుకున్నాది.

నూటెనభై.

నాను నవ్వీసినాను.
మా బట్టీ కాడ నూటెనభై అంటే మాటలేటి!
పౌనుకి నూటెనభై పప్పులే తూగే రాజా రకం,
షావుకారు సొంత సేత్తో ఏరి దాసుకుంటాడు.
మూడొందల ఇరవై అయితే
ఎవలి పెళ్లి పాయసంలోనో మాకూ కనపడతాది.

హేమసుందరి నవ్వనేదు.
ఎదురింటి ఢిల్లేసు పేరెత్తనేదు గానీ
అటే సూసినాది.
వారానికి రెండుమాట్లు నెత్తురు కడిగించుకుని
ఆటోలోంచి పాలిపోయి దిగుతాడు ఆడు.

మిషను నా కాడ ఒగ్గీసి ఎలిపోనాది.
రోజూ పొద్దున్నే ఐదు నిమిషాలు కూకోవాలంట,
నోరు మూసుకుని, కాళ్లు నేలకానించి.
మీట నొక్కితే అంకె ఫోనులోకి, ఫోనులోంచి ఆస్పత్రికి
దానంతటదే నడిసి పోతాదంట.
పోతాది, సిగ్నలుంటే.
మా ఇంట్లో సిగ్నలు కోళ్లగూడు కాడే ఉంటాది.
అక్కడే పీటేసినాను.

ఐదు నిమిషాలు!
బుద్దెరిగిన కాణ్నించి
నన్ను ఊరికే కూకోమన్నోళ్లు నేరు.
అత్త అననేదు, మేస్త్రీ అననేదు,
జొరంలో కూడా నాకు నాను అనుకోనేదు.
మొదటిరోజు సెయ్యి ఊరుకుంటేనా,
లేని పిక్కల్ని ఏరతానే ఉన్నాది.

రాత్రి ఎనిమిదికి ఫోనులో ఆడగొంతు:
"మాత్ర వేసుకున్నారా? వేసుకుంటే ఒకటి నొక్కండి."
ఏసుకున్నానమ్మా, నువ్వు తిన్నావా, అంటాను.
ఒకటి నొక్కండి, అంటాది.
ఒక రాత్రి అబద్దం నొక్కినాను.
తెల్లారి పట్టీ బిగుస్తంటే సిగ్గేసినాది.

ఎండు నెత్తళ్లు తగ్గించినాను.
మాననేదు. అదీ రాసుకోండి.

ఇయాల నూట నలభై రెండు.
ఆ రకం పప్పు పలాసలో పుట్టనేదు.
ఏ డబ్బాలో ఎయ్యాలో తెలీక
ఫోనుకేసి సూత్తన్నాను.
గుండ్రంగా తిరుగుతానే ఉన్నాది, అంకె ఇంకా పోనేదు.
పోనీ, తొందరేటి.
ఇంకో ఐదు నిమిషాలు కూకుంటాను.