రెండు పుస్తకాల తేడా

ఆదోని పత్తి మండీలో
ఇరవై రెండేండ్లుగా తూకం రాసే గుమాస్తాని.
బోరం మీద కిలో తేడా వస్తే
ఆ రాత్రి నాకు ముద్ద దిగదు.

అందుకే లెక్క నా చేతికిచ్చినారు.
జనవరి ఒకటిన, పాత బస్టాండు కాడ
ఒగ్గాని అంగట్లో నలుగురం కూర్చొని
మనిషికి ఇరవై నాలుగు అనుకున్నాం,
డిసెంబరు ఆఖరుకు.

మండీలో మిగిలిన ఆవర్జా ఒకటి తెచ్చినా.
లాటు నంబరు అని ఉన్నచోట పుస్తకం పేరు.
రైతు అని ఉన్నచోట చదివినోళ్ల పేరు.
తేమ శాతం గడిని ఏం చెయ్యాలో తెలీలేదు.
జుబేదా టీచరు అనింది:
"ఏడిపించిందో లేదో రాయండి అందులో."

ఉరుకుందప్పది లారీ.
హోస్పేట దారిలో ఎక్కడ బండి ఆగితే అక్కడ నాలుగు పేజీలు.
అర్ధరాత్రి ఫోన్ చేసి
"ఇంకోటి జమ చెయ్యన్నా" అని పెట్టేసేవాడు.

హంపమ్మ జిన్నింగు మిల్లు మనిషి.
యాభై దాటినాక అక్షరాలు కూడబలుక్కునింది.
ఆమెవన్నీ పదహారు పేజీల పిల్లల పుస్తకాలు,
పేజీకో కుందేలు, కుందేలుకో వాక్యం.
"అవి లెక్కలోకి రావు" అన్నాడు ఉరుకుందప్ప.
హంపమ్మ తలకాయ కూడా ఎత్తలేదు.
"నువ్వు లారీలో పోతివి, నేను నడ్సి పోతి.
ఊరు ఒకటే గదప్పా."
రాసుకున్నా. పూర్తి జమ.

మార్చి ఆఖరు. సీజను సరుకు ఇంకా తెగలేదు.
కళ్లల్లో దూది, ముక్కులో దూది.
జుబేదా ఇచ్చిన లావు పుస్తకం,
మూడు వందల తొంభై పేజీలది,
బీరువా మీద అట్లే పడుకోనుంది.
దానికి తోడు ఇంకోటి.
ఆ ఆదివారం అందరి ముందరా
నా పేరు కింది తెలుపు చూసి
చెయ్యి దానంతటదే కదిలింది.
రెండూ ఎక్కించినా.
తేమ: బాగా ఉంది.

"ముగింపు ఎట్లనిపించింది?" అడిగింది జుబేదా.
"ముగిసినట్లే ఉంది" అన్నా.
ఆమె టీ గ్లాసు అడుగున ఏదో వెతుక్కుంది.

ఎండలొచ్చినాయి, పోయినాయి.
ఆవర్జా మట్టుకు నిండుతానే ఉంది.
డిసెంబరు ఇరవై తొమ్మిదికి
ఉరుకుందప్ప ఇరవై ఏడు,
హంపమ్మ నలభై ఒకటి,
జుబేదా సరిగ్గా ఇరవై నాలుగు,
నేను పంతొమ్మిది,
అందులో రెండు గాలి.

ఆ రాత్రి ముద్ద దిగలేదు.
బీరువా మీది దుమ్ము దులిపి
మొదటి పేజీ నుంచి కూర్చున్నా.
కరెంటు పోతే ఫోను వెలుతురులో,
అది పోతే కిటికీ తెల్లారేదాకా ఆగి, మళ్లీ.
రెండు వందల పదకొండో పేజీలో
ఆర్టీసీ టికెట్టు. ఎమ్మిగనూరు నుంచి ఆదోని.
వెనక పెన్సిలు రాత:
"ఇక్కడికి వచ్చినప్పుడు ఒక మాట చెప్పండి.
ముగింపు సంగతి తర్వాత.
తొందరేం లేదు."

టికెట్టు తేదీ జనవరిది.
అంటే మార్చిలోనే ఆమెకు తెలుసు.
తొమ్మిది నెలలు,
వారం వారం ఎదురుగ్గా కూర్చొని
నా అంకెలకు తలాడించింది.

ముప్పై ఒకటిన ఎర్రసిరా పట్టకపోయినా.
రెండు పేర్ల మీదా అడ్డగీత,
పక్కన పొట్టి సంతకం,
మండీలో దిద్దుబాటుకు చేసినట్లే.
పదిహేడు.
"ఏందన్నా అది?" అన్నాడు ఉరుకుందప్ప.
"తరుగు" అన్నా.
జుబేదాతో మట్టుకు
"రెండు వందల పదకొండు కాడ ఉండా" అని చెప్పినా.
ఆమె నవ్వలేదు. ఇంకో టీ చెప్పింది, నాకు.

మిగతా నూట డెబ్బై తొమ్మిదీ
కొత్త ఏడాది ఖాతాలోకి పోయినాయి.
ముగింపు ఎట్లుందో ఇప్పుడు నాకు తెలుసు.
తేమ గడిలో ఏమీ రాయలేదు,
కాగితమే కొంచెం ముడుచుకోనుంది అక్కడ.

టికెట్టు ఉన్నచోటే ఉంచినా.
ఆ పుస్తకం ఇప్పుడు హంపమ్మ అడుగుతోంది.
నడ్సి వస్తాది.