పావు తిప్పు

గడ్డకట్టే చలి రాకముందే
పైపుల్లో నీళ్ళు వంచేయాలి.
విల్యాండి ఊరి శ్మశానంలో
అక్టోబరు రెండో వారం నా పని ఇదే.
ఇరవై రెండు కుళాయిలు, పదకొండు పైపులు,
హెల్దుర్ అప్పగించిపోయిన బిస్కెట్ల డబ్బా
నిండా నల్ల రబ్బరు వాషర్లు.

"పైపును ఈడ్వకు, నడిపించు" అనేవాడు.
"రాతి అంచు మీద ఒరిసిన చోటే
వచ్చే వేసవికి కన్ను తెరుస్తుంది."
ఒక కొస భుజానికెత్తుకుని
చేయి మార్చి చేయి మారుస్తూ నడుస్తాను.
వెనకాల నీళ్ళు గుటకలేస్తూ దిగిపోతాయి.
చివర్న ఒక దగ్గు,
రెండు మూడు తుప్పు చుక్కలు.
అప్పుడు గాని చుట్ట చుట్టకూడదు,
అదీ దానికి అలవాటైన వంపులోనే.
ఎదురు తిప్పితే ఏడాదంతా పగబడుతుంది.

ఇత్తడి మూతులు రాత్రంతా వెనిగర్‌లో నానతాయి.
మా నీళ్ళలో సున్నం ఎక్కువ,
టీ కెటిల్ అడుగునా అదే తెలుపు.
పొద్దున్నే పాత పళ్ళ బ్రష్‌తో మరలు తోముతాను.
అరిగిన మరను ముందు వేలు పట్టేస్తుంది,
కన్ను తర్వాత ఒప్పుకుంటుంది.
బిర్రబిగిసిన పైపు కొసను
వేడినీళ్ళ మగ్గులో ముంచితే
కాసేపు మొండికేసి, ఆపైన
మెత్తగా మూతికి తొడుగవుతుంది.
క్లిప్పు బిగించాలి, గొంతు నులమకూడదు.
"నీళ్ళను ఆపేది వాషరు, నీ కండ కాదు."
హెల్దుర్ పాఠాలు చాలావరకు తిట్లే.

పద్నాలుగో కుళాయి.
చేరిన ఏడాదే దాని కారుడు ఆపాను.
పాత వాషరు చేతిలో బొగ్గులా నలిగింది.
కొత్తది వేసి, నాలుగు చుట్లు టేపు చుట్టి,
చెవి ఆనించి విన్నాను.
ఏమీ లేదు.
హెల్దుర్‌తో గర్వంగా చెప్పాను.
టోపీ సర్దుకున్నాడు, అంతే.

మరుసటి జూలైలో
కుళాయి పల్లానున్న రాతి శిలువ దగ్గర
ఫెర్న్ ఆకులు ముడుచుకుపోయాయి.
నాచు పెచ్చులుగా లేచింది.
ఆ రాతి మీది పేరులో
ఒక్క అక్షరమే ఇంకా వేలికి తగులుతుంది.
శనివారం శనివారం వచ్చి
భర్త సమాధి చుట్టూ ఇసుకను
దంతెతో గీతలు గీతలుగా దువ్వే లైనె గారు
ఆగి అడిగింది:
"వీళ్ళకెవరో నీళ్ళు పోసేవాళ్ళు కదూ?"
ఎవరూ రారండీ అనబోయి
కుళాయి వైపు చూశాను.

ఆ సాయంత్రం మరమ్మతుల పుస్తకం తీశాను.
పద్నాలుగు ఎదురుగా
ఇరవై తొమ్మిదేళ్ళు, ఏటా పెన్సిల్ రాత:
చూశాను. తర్వాత.
చూశాను. తర్వాత.
ఆ తర్వాత, నీలం ఇంకుతో, పెద్దక్షరాల్లో,
నా చేతిరాత: బాగుచేయబడినది.

పానా తీసుకుని చీకట్లో వెళ్ళాను.
పావు తిప్పు.
చుక్క తయారవడానికి ఎంతసేపు పడుతుందో
అంతసేపూ నిలబడ్డాను.

హెల్దుర్ ఇప్పుడు సరస్సు అవతల తేనెటీగలు పెంచుతున్నాడు.
నిన్న వచ్చాడు, ఇంటి పైపుకి వాషరు కావాలని.
డబ్బాలో చాలాసేపు కెలికాడు.
వెళ్తూ వెళ్తూ పద్నాలుగు దగ్గర నిలబడి,
"కారుతోందే" అన్నాడు.
"చూశాను" అన్నాను.
తలాడించి, సైకిలెక్కి పోయాడు
జేబులో ముప్పావు అంగుళం వాషరుతో.
ఆయనింట్లోది అరంగుళం కుళాయి.
మళ్ళీ వస్తాడు.